కొమురవ్వ నోట కనకయ్య పేరు

పెళ్లయిన నాటి నుంచి కొమురవ్వ మొగుడి పేరు పలకలేదు. సూరత్ వచ్చినా ఆ పట్టు విడవలేదు. రేషన్ దుకాణంలో పేరడిగితే నన్ను మోచేత్తో పొడిచేది. "జర నువ్వు చెప్పు సుభాషిణీ!" సూరత్‌లోని కోసాడ్ బస్తీలో వాళ్లది మా పక్క గది. కనకయ్య పేరు ఆమె బదులు నా నోట్లోనే నలిగింది.

లాక్‌డౌన్‌లో ఊరికి బస్సులు పెడితే, ఆ సీట్లు కూడా దళారులు అమ్ముకున్నారు, పాపిష్ఠి వాళ్లు. చీరల డిజైన్లు చేసే రాంప్రసాద్ ఒక ఉపాయం చేశాడు. ఇంటికొకరు అతని చెవిలో ఒక రహస్యపు మాట చెప్పాలి. కంప్యూటర్ నల్ల తెర మీద కమాండ్ కొట్టి, దాన్ని పొడుగాటి కోడ్‌గా మార్చి, ఆ కోడ్ ఒక్కటే దాచేవాడు. కోడ్ ఎవడికి దొరికినా మాట తెలియదు. బస్సెక్కేటప్పుడు ఆ మాటే చెబితే అదే కోడ్ వస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా మొత్తం మారిపోతుంది.

కనకయ్య చెప్పొచ్చి ఒకటే నవ్వు.

"మా ఆమె సచ్చినా బయట అనని మాట పెట్టిన. ఇగ మా సీట్లు ఎవడు గుంజుకుంటడు?"

ఆ మాట చెవిలో చెప్పగానే "సిగ్గు లేదు నీకు!" అని ఆమె కొంగుతో కొట్టింది.

బస్సు రాకముందే కనకయ్యకు జ్వరమొచ్చింది. దవాఖానకు తీసుకుపోయినవాళ్లు ఆఖరికి ఆయన శవం ముఖం కూడా చూపించలేదు.

బస్సు దగ్గరికి ఆమెను నేనే తీసుకుపోయాను. రాంప్రసాద్ మాట అడిగాడు.

"ఏమయ్యా, ఇంటికి పోదాం పా," అంది కొమురవ్వ, తల దించుకుని.

"కోడ్ కలుస్తలేదు చిన్నమ్మా."

"మా ఇంటాయనా, ఇంటికి పోదాం పా."

అదీ కలవలేదు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది.

"పేరు నేను చెప్తా, రాసుకో!" అన్నాను.

"వద్దక్కా. ఒకరి మాట ఇంకొకరు చెప్తే ఇగ దళారులను ఎట్ల ఆపుత? ఆమెనే అనాలె."

"మనిషివేనా నువ్వు?" అని అరిచాను.

కొమురవ్వ మాస్కు కిందికి లాగింది. తల మీద కొంగు సర్దుకుంది.

"కనకయ్యా..." మళ్లీ అంది. "కనకయ్యా, ఇంటికి పోదాం పా."

రాంప్రసాద్ ఆ మాట టైపు కొట్టాడు. తెర వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"కలిసింది చిన్నమ్మా. రెండు సీట్లు."

ఆమె కిటికీ పక్కన కూర్చుని, రెండో సీట్లో మూట పెట్టింది. బస్సు కదులుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేండ్లు ఒక్కనాడన్న పిలువకపోతి సుభాషిణీ. ఇయ్యాల పిలిస్తే పలుకకపాయె."