గెలాక్సీలు చదివి వినిపించిన వారం

అబూదాబీలో నర్సుగా చేరిన రెండో ఏడు, బనియాస్ దగ్గర కట్టుబడి పనిలో కళ్ళలో సున్నం పడిన ఒక మేస్త్రీని మా వార్డులో చేర్చారు. కరీంనగర్ వైపు మనిషి. రెండు కళ్ళకూ కట్టు. రెండు రోజులు అన్నం ముట్టలేదు, నోరు విప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని కాగితాలు తిప్పుతుంటే ఆ చప్పుడుకు తల తిప్పాడు.

“సిస్టరమ్మా, ఏం సదువుతున్నవ్? జర నాగ్గూడ ఇనిపియ్యి.”

తమ్ముడు ఏలూరు నుంచి పంపిన సైన్సు పత్రిక అది. నా దగ్గరున్న తెలుగు అదొక్కటే. గెలాక్సీలు ఎలా పుట్టాయో రాశారు. ఇదేం వింటాడులే అనుకుంటూనే మొదలుపెట్టాను. మొదట్లో అంతటా పల్చటి వాయువేనట. కాస్త చిక్కబడిన చోటికి చుట్టుపక్కలది వచ్చి చేరి, తిరుగుతూ ముద్దకట్టి, చుక్కలై వెలిగిందట.

“ముందుగాల చుక్కలా, గుంపా?”

వెతికి చూశాను. “అది పండితులకే ఇంకా తేలలేదంటండి.”

“సదువుకున్నోళ్లకు గూడ తెల్వదా!” అని పకపకా నవ్వాడు. ఆ పూట అన్నం తిన్నాడు.

వారమంతా రోజుకు కొంచెం చదివాను. రెండు గెలాక్సీలు ఢీకొన్నా చుక్కకు చుక్క తగలదనీ, రెండూ కలిసి ఒకటవుతాయనీ ఉన్న చోటు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. వాయువు అయిపోయిన వాటిలో కొత్త చుక్కలు పుట్టవంటే దిగులుపడ్డాడు.

“మరి మనదాంట్ల?”

“ఇంకా పుడుతూనే ఉన్నాయంట.”

“గట్లయితే మంచిదే.”

కట్టు విప్పారు. ఎడమకన్ను నిలిచింది, కుడిది మసకగానే మిగిలింది. నన్ను చాలాసేపు చూశాడు.

“గొంతు ఇని పెద్దమనిషివనుకున్న. మా సిన్న చెల్లెంత లేవు గద బిడ్డా!”

ఇల్లు వదిలి వచ్చాక నన్నలా పిలిచినవాళ్ళు లేరు. కళ్ళు తుడుచుకుని పత్రికలోని గెలాక్సీ బొమ్మ చూపించాను. ఎడమకంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“బకెట్ల సున్నం కలిపితే గిట్లనే తిరుగుతది,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

వ్యాసం ఇంకో రెండు పేజీలుంది. ఆయన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన కంపెనీ వ్యాను డ్రైవరు “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ కేకేస్తున్నాడు. పత్రిక ఆయన చేతిలో పెట్టాను. అంగీ లోపల దాచుకుని, నా తలమీద చెయ్యి వేశాడు.

“రూముల ఒకడు సదువొచ్చినోడున్నడు. మిగిలింది వానితోని సదివిపిచ్చుకుంట.”