నాలుగు చక్రాల బైకుకు పూజ

ఇది వీరగాథ. సరిహద్దు, మంచు, ప్రాణాలకు తెగించిన ఇద్దరు చిత్తూరు జిల్లా జవాన్లు, అన్నీ ఉన్నాయి. శత్రువు మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. మేము పోరాడింది ఒక టూ-స్ట్రోక్ ఇంజనుతో. అదే గెలిచింది.

తొంభైల చివర్లో, అక్టోబరులో లడఖ్ పోస్టుకు చేరాను. చెట్టు లేదు. గాలి బోలెడు, పీల్చుకోవడానికే చాలదు. పుంగనూరువాణ్ణి, మదనపల్లె షెడ్డులో మోపెడ్లు విప్పి బిగించినవాణ్ణి అని తెలిసి హవల్దారు నాకు కొన్ని చెక్కపెట్టెలు చూపించాడు. కింద వర్క్‌షాపులో బాగుచేసి, విడిభాగాలుగా పంపిన నాలుగు చక్రాల బైకు. పోస్టులో ఎవరికైనా జబ్బు చేస్తే లోయలో ఉన్న డాక్టరు దగ్గరికి చేర్చడానికి అదొక్కటే దిక్కు.

ఇంజను ఎక్కించి, చైను, కేబుళ్లు, కార్బురేటరు బిగించాను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోశాను. తొలి కిక్కుకే పొగ కక్కుతూ లేచింది.

సిగ్నల్ జవాను మునెప్పది కుప్పం. పూజ లేకుండా బండి కదలకూడదన్నాడు. నిమ్మకాయలు లేవు. వాళ్లక్క పంపిన నిమ్మకాయ ఊరగాయలోంచి నాలుగు బద్దలు తీసి చక్రాల కింద పెట్టాడు. పసుపు తడిపి, ట్యాంకు మూత నడిమధ్యన బొటనవేలితో ఇంత బొట్టు పెట్టి కుంకుమ అద్దాడు. హవల్దారు దండం పెట్టుకున్నాడు. నేను ఊరగాయకు సంతాపం తెలిపాను. పోస్టు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి పట్టా కప్పేశాం. పెట్రోలు పొదుపు, ఆర్డరు.

జనవరిలో మునెప్ప తెగిన టెలిఫోను తీగ అతకడానికి వెళ్లాడు. వాగు మీది మంచు పెంకు విరిగి మోకాళ్ల దాకా దిగబడ్డాడు. పాదాలు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. వైర్‌లెస్‌లో డాక్టరు రెండే మాటలన్నాడు: "తీసుకురండి. త్వరగా."

అతన్ని వెనక కూర్చోబెట్టి, తాడుతో నాకు కట్టుకొని బయల్దేరాను. కొంత దూరం పోయి బండి ఆగింది. మూత తీసి చూశాను. పెట్రోలుంది. మూసి కిక్కు కొడితే లేచింది. మళ్లీ అంతే దూరం పోయి ఆగింది. మళ్లీ మూత తీసి చూసి, ప్లగ్గు మార్చాను. కార్బురేటరు విప్పి నోటితో ఊదాను, పెదవి తోలు దానికి అంటుకుపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది.

"తిట్టొద్దప్పా దాన్ని," అన్నాడు మునెప్ప. "బొట్టు పెట్టుండాను, పోతాది."

"దాన్ని కాదు, నిన్ను తిడతాండాను."

"కాళ్లుండాయా సూడప్పా, నాకు తెలస్తాలేదు," అన్నాడు మునెప్ప.

"ఉండాయి. రెండే. లెక్క సరిపోయింది."

చివరికి బండి వదిలేసి వీపున మోశాను. చేరేసరికి చీకటి పడింది. ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. కుడికాలి వేళ్లన్నీ తీసేశారు.

మర్నాడు బండి కోసం వెళ్లాను. గాలి పడిపోయింది. మూత విప్పుతుంటే ఉస్సుమంది. నిన్న ఈదురుగాలి హోరులో అది వినపడలేదు. ట్యాంకులోకి గాలి పోవడానికి మూతకు సూదిమొనంత చిల్లు ఉంటుంది. అందులో పసుపు రాయిలా బిగుసుకుపోయి ఉంది. లోపలికి గాలి పోక పెట్రోలు కిందికి దిగలేదు. నేను చూడ్డానికి మూత తీసినప్పుడల్లా కాస్త గాలి పోయింది, అంతే. గుండుసూదితో పొడిచాను. పోస్టు దాకా ఎక్కడా ఆగలేదు.

సర్వీసు ముగించుకొని వచ్చాక, ఒకరోజు కుప్పం వెళ్లాను. మునెప్ప బావ కొత్త మోపెడ్ కొన్నాడు. మునెప్ప కుంటుకుంటూ వచ్చి పసుపు తడిపాడు.

"ఆ పొద్దు నేను బొట్టు పెట్టబట్టే పానం మిగిలింది," అన్నాడు, వాళ్లక్కకు వినపడేలా. బొటనవేలు పెట్రోలు మూత మీదికి పోతోంది.

చెయ్యి పట్టుకొని హెడ్‌లైటు మీదికి జరిపాను. "ఈడ పెట్టప్పా."

"యాల?"

"ఈడైతే అందరికీ కనపడతాది."

నవ్వి, అక్కడే పెట్టాడు. ఆ పసుపు వేలు నా కళ్లముందు నుంచి పోదు.

పెట్రోలు మూతలో చిల్లు ఉంటుంది. అప్పుడప్పుడూ గుండుసూదితో పొడుస్తూ ఉంటే చాలు.