పోగు అతికేంత సేపు

మొన్న ఆదివారం మా సహస్ర పేరు మీద ఒక పార్సిలు వచ్చింది. పదమూడేళ్ల పిల్లకు నాకు తెలియకుండా పార్సిలేమిటని ముందర కూర్చోబెట్టి విప్పిస్తే, అందులోంచి అరచేయంత ఊదారంగు కార్డు ఒకటి, అదే రంగు రిబ్బను ఒకటి బయటపడ్డాయి. సహస్ర కార్డును గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "మమ్మీ, స్మెల్ చూడు" అని నా మొహం మీదికి తెచ్చింది. స్ట్రాబెర్రీ వాసన. అసలు పండు వాసన కాదు. దగ్గుమందులోనూ సెంటు రబ్బర్లలోనూ ఉండే వాసన, ఆ పండు చచ్చి దయ్యమైతే వచ్చే వాసన. ఇరవై ఏళ్ల పైచిలుకు కిందట కాశిబుగ్గలో, మా ఇంటి దూలం సందులో, ఇదే రంగు కార్డు ఇదే వాసనతో నేను దాచుకున్నాను. దానికోసం నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పటి కాశిబుగ్గ గురించి చెబితే మా అపార్ట్‌మెంటు పిల్లలు కట్టుకథ అనుకుంటారు. పొద్దున లేస్తూనే వీధి పొడుగునా మగ్గాల చప్పుడు, ఒక్కో ఇంటిది ఒక్కో నడక, ఆ చప్పుడు వినే ఎవరింట్లో ఎవరు నేస్తున్నారో, ఎవరు అలిగి కూర్చున్నారో చెప్పేవాళ్లం. గంజి పట్టి ఆరేసిన నూలు కింది నుంచి వంగి వంగి బడికి పోతే ఆ పులిసిన వాసన జుట్టుకు అంటుకుని సాయంత్రం దాకా వదిలేది కాదు. రంగుతొట్లు వంచిన రోజు మోరీలో ఎర్రనీళ్లు, మర్నాడు పచ్చనీళ్లు పారుతుంటే వాటిలో కాగితప్పడవలు వేసి కాళ్లకు రంగులంటించుకుని దెబ్బలు తినేవాళ్లం. ఎండాకాలం గంపల్లో వచ్చే తునికి పండ్లు, వానాకాలం బొగ్గుల మీద కాల్చిన మక్క కంకులు, చలికాలం ఎండ పడే గడప మీద కచ్చకాయల ఆట. బాపు జంపఖానాలు నేసేవాడు. చాయ సాసర్లో పోసుకుని మూడు గుటకల్లో తాగి, నాలుగోది తాగినట్టు నటించి నాకు మిగిల్చేవాడు. ఆ నటన నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

అక్క సుజాత నాకంటే మూడేళ్లు పెద్ద. పదో తరగతితో బడి మాని రాట్నం ముందు కూర్చుంది. లోపలి గదిలో అమ్మ, బాపు చెరో మగ్గం మీద ఉంటే, బయటి వసారాలో అక్క వాళ్లిద్దరికీ కావలసిన కండెలకు నూలు చుట్టేది. చుడుతూ పాడేది. అది ఎవరి పాటా కాదు, తనే కట్టుకున్న రాగం. మాటలు రోజుకో రకం, ఆనాటి కూర మీద, నా జడ మీద, పక్కింటి మేక మీద. రాట్నం తిరిగినంతసేపు పాట తిరిగేది. పోగు తెగితే పాటా తెగేది. మాట సగంలో ఉన్నా సరే అక్కడే ఆగి, రెండు కొసలూ పెదాల మీద తడిచేసి, నులిమి, అతికి, ఆగిన చోటినుంచే మళ్లీ ఎత్తుకునేది. అట్లా ఆగిన ప్రతిసారీ గోడ అవతలి నుంచి అమ్మ, "అతికిందా బిడ్డా?" అని అడిగేది. అక్క నోటితో జవాబు చెప్పేది కాదు. మళ్లీ మొదలైన పాటే జవాబు. వినీ వినీ నాకు కూడా ఊపిరి ఆ పాటతోపాటే ఆగి, ఆ పాటతోపాటే కదిలేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి ఒక తెల్లవ్యాను వచ్చింది. పాటల కంపెనీ వాళ్లట, పిల్లల కోసం కొత్త ఆల్బం చేస్తున్నారట. స్టిక్కర్లు పంచి, పెన్నులు పంచి, తలా ఒక ఫారం ఇచ్చారు. మీకు ఇష్టమైన రంగు ఏది, దేనికి ఏడుపొస్తుంది, ఎవరితోనూ చెప్పుకోని మాట ఏది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం పాడుకుంటారు. మమ్మల్ని అంతకుముందు ఎవరూ ఇట్లాంటివి అడిగిన పాపాన పోలేదు. పరీక్షల్లో కూడా రాయనంత బుద్ధిగా, పక్కవాళ్లకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాం. ఎవరితోనూ చెప్పుకోని మాట దగ్గర నేను, 'నేను లేనప్పుడు నన్ను ఎవరన్నా అడుగుతారా' అని రాశాను. పాట దగ్గర, 'మా అక్క పాడుతది, నేను వింట' అని రాశాను. నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకున్న సారొకాయన ఫారాలన్నీ అక్కడే నిలబడి చదివి నన్ను పిలిచాడు. ఆయన గొంతు మెత్తగా, ఇప్పుడే నిద్ర లేచినట్టుగా ఉండేది. "మీ అక్క పాట తెచ్చిస్తే నువ్వే మా మొదటి ఫ్యాన్‌వి," అని జేబులోంచి ఊదారంగు కార్డు తీసి, గోటితో గీకి, వాసన చూపించి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు నూలు మూటల వెనక నక్కి, బాపు టేపురికార్డరులో ఒక పాత క్యాసెట్ పెట్టి, అక్క పాట ఎత్తుకోగానే ఎర్రబటన్ నొక్కాను. అక్కను అడగలేదు. అడిగితే నవ్వి వద్దంటుందని తెలుసు. ఆ క్యాసెట్ సారు చేతిలో పెట్టి, కార్డు తీసుకుని, ఇంటిదాకా పరుగెత్తాను.

వారం తిరగకుండా సారు మా ఇంటికే వచ్చాడు. బాపు మురిసిపోయాడు. అక్కను హన్మకొండలో ఒక గదికి తీసుకుపోయారు. గోడలకు పరుపులు కొట్టి, కిటికీలు మూసి, మన మాట మన చెవికే చచ్చిపోయినట్టు వినిపించే గది. అక్కడ అక్క నోరు పెగల్లేదు. ఒక పూటంతా చూసి సారు విసుక్కోబోతే, "చేతులు ఊకెనే ఉంటే నాకు గొంతు రాది సార్" అంది. బాపు ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చి రాట్నం మోసుకుపోయాడు. అప్పుడు పాడింది, మూడు రోజులు. చివరి రోజు నేనూ పోయాను. అద్దం అవతల అక్క కూర్చుని చుడుతోంది; ఇవతల సారు నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. రాట్నం చప్పుడు ఎట్లా తీసేశారో తీసేశారు, ఉత్త గొంతు మాత్రం మిగిలింది. పోగు తెగి అక్క ఆగిన చోట మిషను దగ్గర కూర్చున్న అబ్బాయి ఆ ఖాళీని కోసెయ్యబోతే సారు వేలెత్తాడు. "అది తియ్యకు. పిల్లలు పడేది అక్కడే." నేను ఆ ఖాళీలో అలవాటు కొద్దీ అమ్మ కోసం విన్నాను. ఏమీ లేదు. అంత ఖాళీ నేను అదివరకు ఎప్పుడూ వినలేదు.

చివర్లో ఒక కాయిదం మీద బాపు సంతకం పెట్టాడు. మూడేళ్లపాటు అక్క గొంతు ఇంకెక్కడా వినిపించకూడదని అందులో ఉందని సారు చెప్పాడు. ఇంకో కంపెనీకి పాడకూడదనే ఆయన ఉద్దేశం అయ్యుంటుంది. కానీ బాపు సంతకానికి భయపడే మనిషి, ఇంటికి రాగానే అక్కను పిలిచి, "ఇగ ఇంట్ల గూడ పాడకు బిడ్డా. మన గోడలు సన్నం, తొవ్వల పోయెటోళ్లకు ఇనపడ్తది," అన్నాడు. అక్క తలూపి రాట్నం ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పోగు తెగిందో లేదో అమ్మకు తెలిసేది కాదు. అయినా ఉండబట్టక నిమిషానికోసారి, "అతికిందా బిడ్డా?" అనేది. అక్క "ఆఁ" అనేది.

రెండు నెలలకు పింకీ వచ్చింది. ఊరంతా పోస్టర్లు: పదిహేనేళ్ల పిల్ల, ఊదారంగు రిబ్బను, గడ్డం కింద వేలు, మనల్నే చూస్తున్నట్టు కళ్లు. ఆ పిల్ల ఎవరో, ఏ ఊరిదో నాకు ఇప్పటికీ తెలియదు. క్యాసెట్‌లో మాత్రం మా అక్క. పల్లవిలో నా ఫారంలోని మాట, నేను లేనప్పుడు నన్ను ఎవరన్నా అడుగుతారా అని, మా అక్క గొంతుతో నన్నే అడుగుతోంది. క్లాసులో ప్రతి ఆడపిల్లా ఆ పాట తన కోసమే రాశారని అనుకుంది. ఒకరకంగా నిజమే, రాసిచ్చింది మేమే గదా. బ్యాంగిల్ స్టోరుల్లో పింకీ రిబ్బన్లు, కిరాణా కొట్లలో పింకీ బిస్కెట్లు; పింకీ ఎక్కడ ఆగితే పిల్లలు అక్కడ ఆగడం నేర్చుకున్నారు. చివరికి మామూలు మాటల్లో కూడా ఆగడం మొదలైంది. "నోట్సు... ఇస్తవా" అని నన్ను అడిగిన పిల్ల పెదాలు ఆ మధ్యలో ఒకసారి తడుపుకుంది. అది పోగు అతికే చోటని వాళ్లకెవరు చెప్పారు?

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా వాడ ఆడవాళ్లందరూ తంగేడు, గునుగు పూలు పేర్చి, మలీద ముద్దలు, నువ్వుల సద్ది గిన్నెలకెత్తుకుని మైదానంలో చేరారు. చప్పట్లు కొడుతూ వలయంగా తిరుగుతూ పాడుతుండగా, పాత పాటే, మా అమ్మమ్మల నాటి పాటే, ఉన్నట్టుండి ఆగిపోయింది. వందమంది ఆడపిల్లల చేతులు గాలిలో నిలిచిపోయాయి. పోగు అతికేంత సేపు ఎవరూ కదల్లేదు, గాజు కూడా చప్పుడు కాలేదు. తర్వాత అందరూ కలిసి ఆగిన చోటినుంచి ఎత్తుకున్నారు. పెద్దవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెదవి కదపకుండా వాళ్ల మధ్య తిరుగుతున్నది అక్క ఒక్కతే. నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నన్నేదో అడుగుతున్నట్టు చూసింది. క్యాసెట్ సంగతి చెప్పేద్దామనుకుని, చెప్పలేక, మలీద ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అక్క నెలలు లెక్కపెట్టుకునేది. "రాఖీ పున్నం పోతె కాయిదం అయిపోతది, అప్పుడు కడుపునిండ పాడుత," అనేది. రాఖీ పున్నానికి ఇంకా నెల ఉందనగా పచ్చకామెర్లు ముదిరి దవాఖానలో పడింది. అప్పటికి పింకీని లోకం మరిచిపోయింది. ఆ రిబ్బన్లతో మా వీధిలో మేకల్ని కట్టేసేవాళ్లు. ఒక మధ్యాహ్నం బాపు మంచం పక్కన కూలబడి, "కాయిదం మన్నువడ, పాడు బిడ్డా," అన్నాడు. అక్క పాడింది. సన్నగా, కానీ తెగకుండా. చేతుల్లో నూలు లేదు గదా, తెగడానికేముంది. సెలైను మార్చడానికి వచ్చిన చిన్న నర్సు నవ్వి, "మంచిగనే పాడ్తున్నవక్కా, మేం బడిల ఉన్నప్పటి పింకీ లెక్కనే. గని అక్కడ ఆగాలె గద, నువ్వు ఆగుతలేవు," అంది. అక్క నోరు మూసుకుంది. నాలుగో రోజు పోయింది. నేను కార్డును పొయ్యిలో వేశాను. కాలుతూ కూడా అది స్ట్రాబెర్రీ వాసనే కొట్టింది.

ఇదంతా మనసులో తిరుగుతుండగా, కార్డు వాసన చూస్తూ సహస్ర ఫోనులో పాట పెట్టింది. కొత్త పిల్ల, కొత్త మొహం, దానికీ పదిహేనేళ్లే, దానికీ ఊదా రిబ్బనే. గొంతు మా అక్కది. "ఎవరే ఈ పిల్ల?" అన్నాను. "ఎవ్వరు కాదు మమ్మీ. నిజంగ లేదు ఆమె, కంప్యూటర్‌ల తయారు చేసిన్రు. మనల్ని క్వశ్చన్స్ అడుగుతది, మనం చెప్పినయి పాడుతది, ఎవరి పాట వాళ్లకే," అంది. ఈ పాట సహస్ర చెప్పిన మాటలతో చేసిందన్నమాట. పాటలో ఒక పిల్ల చెప్పుకుంటోంది, మా అమ్మ నాతో మాట్లాడేటప్పుడు నా వెనక ఎవరినో చూస్తుందని. సహస్ర ఆ మాట నాకు చెప్పలేదు, ఆ లేని పిల్లకు చెప్పింది. పాత టేపులు ఎవరు ఎవరికి అమ్మారో, ఎన్ని చేతులు మారాయో నాకు తెలియదు. ఆ రాత్రే కంపెనీకి మెయిల్ రాశాను, ఆ గొంతు మా అక్కదని. నిమిషంలో జవాబొచ్చింది: మీ అభిమానానికి ధన్యవాదాలు, మీకు ఇష్టమైన రంగు ఏది?

కాశిబుగ్గలో మా ఇంటి స్థలంలో ఇప్పుడు సెల్లార్ ఉన్న మేడ ఉంది. వీధిలో మగ్గాల చప్పుడు లేదు, మోరీ మీద బండలు పరిచారు, రాట్నం ఎవరికిచ్చామో గుర్తులేదు, బాపు లేడు. అమ్మ మాత్రం నా దగ్గరే ఉంది. పాతవి బాగానే గుర్తుంటాయి, ఈ మధ్యవి నిలవవు. నిన్న మధ్యాహ్నం అమ్మ లోపలి గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఈవల హాల్లో సహస్ర ఆ పాట పెట్టుకుంది. గొంతు మాట సగంలో ఆగింది. గోడ అవతలి నుంచి అమ్మ, "అతికిందా బిడ్డా?" అంది. పాట మళ్లీ మొదలైంది. సహస్ర కళ్లు పెద్దవి చేసి నవ్వింది, ఇంకోసారి పెట్టింది. అమ్మ అడిగింది. గొంతు జవాబిచ్చింది. మూడోసారి నాకు తట్టుకోవడం చేతకాలేదు. లేచి ఫోను లాక్కుని ఆపేశాను, సరిగ్గా ఆ ఆగిన చోటే.

లోపల చిక్కుడుకాయల చప్పుడు కూడా ఆగిపోయింది. తలుపు దగ్గరికి పోయి చూస్తే అమ్మ ఒక కాయ వేళ్ల మధ్య పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, వింటూ కూర్చుంది.

"ఇంక అతకలేదా?" అంది.

"అతికిందమ్మా," అన్నాను.

"మరి పాడదేంది?"

సహస్ర నా మొహంలోకే చూస్తోంది. నేను ఫోను మళ్లీ దాని చేతిలో పెట్టాను.