మొద్దుబారని కత్తి

రాయచూరు గంజ్ వెనక మా గల్లీలో మా అన్న ఈరేశ్ చేసిన కత్తి లేని వంటిల్లు లేదు. పత్తి జిన్నింగు మిల్లుల మిషన్లు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు టర్నరుగా పనిచేశాడు. మాట తక్కువ మనిషి. మాటలన్నీ దేవుడు నాకే పంచాడు. నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను తిట్టేది, అబద్ధమేమీ కాదు.

ఆ వర్క్‌షాపులో ఇనుప కడ్డీలు కోసే హాక్సా మిషను ఉంది. దాని బ్లేడు మూరెడు పొడుగు. పళ్ళు అరిగితే పారేస్తారు, అన్న అవి ఏరుకుని వచ్చేవాడు. ఇనుమును కోసే ఉక్కు అది, హైస్పీడ్ స్టీలంటారు. బజారు కత్తి సాన చక్రం మీద వేడెక్కి నీలం తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. ఇది ఆ వేడికి లొంగదు. ఆకురాయి పెట్టి రుద్దినా జారిపోతుంది తప్ప గీత పడదు. డ్రిల్లు కూడా దిగదు కాబట్టి, బ్లేడు చివర ముందునుంచీ ఉన్న బెజ్జంలోనే రివిట్టు కొట్టి తుమ్మకర్ర పిడి బిగించేవాడు. ఒకసారి పదును పెడితే నెలల తరబడి ఉల్లిగడ్డలు కోసుకోవచ్చు. లోపం ఒక్కటే, బండ మీద పడితే గాజులా విరుగుతుంది. కింద పడనీయొద్దని ప్రతి ఇల్లాలికీ చెప్పి మరీ ఇచ్చేవాడు.

గల్లీ అంతా పంచినవాడు మా పంపమ్మ వదినెకు మాత్రం చేయలేదు. వదినె ముందుగదిలో జొన్నరొట్టెల ఖానావళి నడుపుతుంది. మల్లట్ ఊళ్ళో ఉన్న పుట్టింటివాళ్ళిచ్చిన ఇనుప కత్తే ఆమెకు కావాలి. సాయంత్రానికల్లా అది మొద్దుబారుతుంది, పొద్దున్నే అన్న సానరాయి మీద నూరి ఇవ్వాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే తంతు.

రెండేళ్ళ కింద అన్న కుడిచేతికి వణుకు పట్టుకుంది. ఇది తగ్గేది కాదు, మిషన్ల జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ లేస్తాడని నాకు నమ్మకం లేకపోయింది. నాలుగుసార్లు పిలిస్తే గాని అన్నానికి రాడు. అతన్ని లేపింది ఆ ఇనుప కత్తే. వదినె పొద్దున్నే దాన్ని సానరాయి పక్కన పెట్టి, ఉల్లిగడ్డలు కోయాలంటుంది. అన్న లేచి వస్తాడు. చిత్రమేమంటే, రెండు చేతులతో కత్తిని రాయికి అదిమి పట్టినంతసేపూ వణుకు ఉండదు. నూరడం అయ్యాక చాయ్ తాగి, స్నానం చేసి, ముందుగదిలో కూర్చుని రొట్టెలకు వచ్చినవాళ్ళతో నాలుగు మాటలాడేవాడు. ఆ పావుగంట పని మీదే మా అన్న బతుకు నిలబడిందని నాకూ తెలుసు, వదినెకూ తెలుసు.

ఈ ఎండాకాలం వణుకు ఎడమచేతికీ వచ్చింది. ఒకరోజు అన్న నన్ను పిలిచి, పెట్టె అడుగునుంచి పాత బ్లేడొకటి తీశాడు. ఇప్పటివి పళ్ళ దగ్గరే గట్టివట, ఇది మొత్తం గట్టిదట. "చేతులు పూరా పోయినంక మీ వదినెకు ఎవరు నూరి ఇస్తరు? నూరే పని లేని కత్తి ఒకటి చేసి పెడ్త," అన్నాడు. డాక్టరు వద్దన్నాడని ఎంత మొత్తుకున్నా వినలేదు. నాలుగు మధ్యాహ్నాలు పాత వర్క్‌షాపులో చక్రం దగ్గర అతని మోచేతులు నేను పట్టుకున్నాను. అయినా అన్న రెండు వేళ్ళ తోలు ఊడింది. కత్తి మాత్రం అద్భుతంగా వచ్చింది. వదినె దాన్ని కళ్ళకద్దుకుని, ఇనుప కత్తిని అటక మీద పెట్టేసింది.

పది రోజులైనా ఆ కత్తి పదును తగ్గలేదు. కొంచెం నూరి ఇవ్వమని వదినె ఒకసారి అడిగింది. అన్న అంచు మీద బొటనవేలు ఆనించి చూసి, అక్కర్లేదని తిరిగి ఇచ్చేశాడు. మర్నాటి నుంచి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం పక్కన పెట్టిన చాయ్ అట్లాగే చల్లారిపోయేది.

ఒక మధ్యాహ్నం మజ్జిగ కోసం వెళ్ళాను. పెరట్లో వదినె గొంతుక్కూర్చుని ఆ కొత్త కత్తి అంచును షాబాదు బండ మీద బరబరా రుద్దుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతుల తోలు ఊడేలా చేసి ఇస్తే ఇట్లా పాడుచేస్తావా, నీకింత కడుపుమంట ఏమిటని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆమె తలెత్తింది. ముఖమంతా కన్నీళ్ళే.

"ఎంత రుద్దినా మొద్దు గాతలేదు సుమంగళా," అంది. "ఇది మొద్దు గాకపోతే మీ అన్న లేవడు."

బండ నిండా తెల్లటి గీతలు. కత్తికి ఏమీ కాలేదు. ఇంతసేపు ఎవర్ని తిట్టానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దీన్ని దాచేసి పాతది దించుకొమ్మన్నాను. ఎట్లా దాచనని ఏడ్చింది. వణికే చేతులతో చేసిన కత్తి, అదీ బేకారైందని ఆయన అనుకుంటాడట. మింగలేక కక్కలేక నలిగిపోతోంది పిచ్చిది.

నేను ఎక్కువసేపు ఆలోచించే మనిషిని కాను. ఆమె చేతిలోంచి కత్తి లాక్కుని, తలెత్తు పైకెత్తి, బండ మీద వదిలేశాను. ఖంగుమని రెండు ముక్కలైంది. వదినె నా భుజం మీద ఒక్కటి చరిచి, అదే భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ చప్పుడుకు అన్న లేచి వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. నా చేయి జారి పడిందని చెప్పాను. అతను కూర్చుని ముక్కలు రెండూ చూశాడు. తర్వాత బండ మీది గీతలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. వదినె తల ఎత్తలేదు. నేను జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే.

"చెయ్యి వణికేది నాది సుమంగళా, నీది గాదు గద," అన్నాడు.

అతను వదినె వైపు తిరిగాడు.

"అటక మీది కత్తి దించు పంపమ్మా. నూరెటోడు ఇంకా ఉన్నడు."

వదినె లేవలేకపోయింది. కత్తి నేనే దించాను.