జతల లెక్క

యశోద రోజూ పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి, హిందూపురంలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. చిప్‌లను పాత కుంకుమ భరిణెలో దాచుకుంటుంది. వైరు చివరలు పంటితోనే ఒలుస్తుంది. ఎనిమిది స్విచ్‌లలో ఎన్ని వేసి ఉన్నాయో లెక్కపెట్టే సర్క్యూట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు మెత్తబడుతుంది. "ఒగటొగటే ఎంచితే లేటయితాది. జతజతగా ఎంచి, ఆ జతల్ని మళ్లీ కలపండి. ఇది మాయమ్మ నేర్పింది," అంటుంది. ఆమె తల్లి పాపమ్మ ముప్పై ఏళ్లు పట్టుచీరల మగ్గాలకు, నేతలో డిజైన్‌ను నడిపే తూట్ల అట్టలు కొట్టింది. ఒక్క తూటు తప్పినా అంచు మీది నెమలి చెడిపోతుందని, ప్రతి అట్టనూ రెండేసి తూట్లుగా వేళ్లతో తడిమి ఎంచేది. ఆ వేళ్లే యశోదను ఇంజనీరింగ్ చదివించాయి. ఇప్పుడు పాపమ్మకు చూపు ఆనదు.

సోమవారం పిల్లలకు చూపించాల్సిన సర్క్యూట్‌ను మొన్న యశోద ఇంటికి తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. పాపమ్మ స్విచ్‌ల వరుసను రెండు వేళ్లతో మెల్లగా తడిమింది.

"పైకి లేసినవి ఐదుండాయి కదమ్మీ?"

యశోద అప్పుడు సర్క్యూట్ మీద లెక్క చూపే లైట్ల వైపు చూసింది. అవీ ఐదే చూపిస్తున్నాయి.

"అయితే నా సర్క్యూట్ సరిగానే ఉండాదిలే మా," అంటూ ఆ రెండు వేళ్లనూ కళ్లకద్దుకుంది.