ముందు విడతలో ఇనాస్ పేరు

"బతికున్నాడని నేనెప్పుడన్నాను? చచ్చాడనీ అనను. చూసింది చెబుతున్నా, అంతే."

"నువ్వు చూసి పదహారేళ్లయింది, బోస్త్యావ్ అన్నా."

బొంబాయి ధోబీతలావ్‌లో కూడ్ అని పిలిచే మా ఊరి గదిలోకి ఆడవాళ్లు రాకూడదు. అందుకని పాష్కోల్ పైమెట్టు మీద కూర్చుంది. ముసలి బోస్త్యావ్ గడపకు ఇవతల పీట వేసుకున్నాడు. మా గోవా ఊరి మగవాళ్లం, ఓడ దొరికేదాకా ఆ గదిలోనే పెట్టెల మధ్య పడుకునేవాళ్లం. ఆ తెల్లవారుజామున అందరం నిద్ర నటిస్తున్నాం.

గదిని చూసుకునేది బోస్త్యావ్. చిన్నప్పుడే ప్రయాణికుల ఓడ ఎక్కి, కప్పులు కడగడంతో మొదలుపెట్టి, టీలు అందించేదాకా వచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. వంట అంతంతమాత్రం. వంక పెడితే గరిటె మన చేతికిచ్చేస్తాడు.

యుద్ధంలో వాళ్ల ఓడను జలాంతర్గామి ముంచింది. టీ వేళ. ముందు కప్పులు పగిలాయనీ, తర్వాతే అరుపులు వినబడ్డాయనీ చెప్పేవాడు. ప్రయాణికుల్ని దించాక ఆయనొక పడవలో, పాష్కోల్ మొగుడు ఇనాస్ ఇంకో పడవలో దిగారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పని. చీకటి పడబోతుండగా ఇనాస్ పడవ దగ్గరికొచ్చింది. "ఒరేయ్ బోస్త్యావ్, కప్పులు కడక్కుండానే దిగొచ్చావేంట్రా?" అని అరిచాడు ఇనాస్. రెండు పడవలూ నవ్వాయి. తెల్లారేసరికి ఆ పడవ లేదు.

మళ్లీ బోస్త్యావ్ ఓడెక్కలేదు. రోజూ సాయంత్రం కూడ్‌లో జపమాల ప్రార్థన చెప్పించేది ఆయనే. చివర పేర్లు రెండు విడతలుగా చెబుతాడు. ముందు సముద్రం మీదున్నవాళ్లవి, తర్వాత పోయినవాళ్లవి. ఇనాస్ పేరు ఇన్నేళ్లూ ముందు విడతలోనే ఉంది. ఓడ కంపెనీ ఎప్పుడో చనిపోయాడని తేల్చేసింది. ఊరు మాత్రం కూడ్ మాటే పట్టుకుంది. దీన్ని భక్తి అన్నవాళ్లున్నారు. నాకు మొండితనం అనిపించేది.

ఆ పేరు మార్పించడానికే పాష్కోల్ ఊరి నుంచి వచ్చింది. ఊళ్లో తనను విధవలు కట్టే నల్లబట్ట కట్టనివ్వడం లేదంది. ఏడవబోతే, బొంబాయిలో మనవాళ్లు ఓడ మీదున్నాడనే ప్రార్థిస్తున్నారు, అపశకునం చెయ్యకు అని నోరు నొక్కేస్తున్నారట.

"మొన్న మా అత్త పోయింది. ఆ శవం మీద పడి మొగుడి ఏడుపు కూడా కలిపి ఏడ్చేశా. కోడలికి ఎంత ప్రేమో అని ఊరంతా మెచ్చుకుంది. ఆవిడ బతికున్నన్నాళ్లూ మాకు ఒక్కనాడూ పడలేదు."

లోపల ఎవడో కిసుక్కుమన్నాడు. ముసలాయన నవ్వలేదు.

"నువ్వు ఏడ్చావా అన్నా?"

"ఏడ్చా. మమ్మల్ని కాపాడి ఎక్కించుకున్న ఓడ మీద."

"మరి నా ఏడుపు నన్ను ఏడవనివ్వవేం?"

ఆమె ఊరి నుంచి తెచ్చిన ఎండురొయ్యల మూట గడప లోపలికి తోసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ముసలాయన పీట మీదే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

జపమాల వేళకు అందరం మోకరిల్లాం. ఆయన కొవ్వొత్తి వెలిగించి, నా పక్కకొచ్చి వంగాడు. కాలేజీ మానేసి వచ్చానని నన్ను దొరా అని వెక్కిరించడం ఆయనకు అలవాటు.

"దొరా, ముందు పేర్లు నేను చెబుతా. పోయినవాళ్లవి ఇవాళ నువ్వు చెప్పు. ఇనాస్‌ది మధ్యలో ఎక్కడో కలిపెయ్యి. చెప్పేటప్పుడు నా వైపు చూడకు."