మిషన్ అక్క గడప నుంచి మొదలైన జాబితా

నా చిన్నప్పుడు నార్సింగి ఇంకా ఊరుగానే ఉండేది. అప్పటి నా మొదటి డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది: "మంగళవారం సాయంత్రం. మృగశిర కార్తెకు ఇంకా వారం ఉంది. ఉన్నవాళ్లు: సర్పంచ్, పై గల్లీ మెంబరు, మా తాతయ్య, మిషన్ అక్క, నేను."

నేను ఆ మీటింగులో ఉండటానికి కారణం నా చేతిరాత. తాతయ్య కూడా పంచాయతీ మెంబరే. చూపు ఆనక, వానలకు ముందు ఏ మురుగు మోరీలో పూడిక ఎప్పుడు తీయాలో ఆ జాబితా నాతో రాయించేవాడు. అది ఏటా పై గల్లీలో మా ఇంటి ముందు నుంచే మొదలయ్యేది. మా మోరీయే అన్నిటికన్నా ముందు శుభ్రమవుతుందని బడిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. కూలీలు కింది గల్లీకి చేరేలోపే వానలు పట్టుకునేవి.

ఆ కింది గల్లీ చివరి గదిలో మిషన్ అక్క కిరాయికి ఉండేది. ఊళ్లో బడిపిల్లల గౌన్లన్నీ ఆమే కుట్టేది. నా గౌనుకు అడగకుండానే జేబు పెట్టేది. వరుసగా రెండేళ్లు ఆమె గదిలోకి మురుగు వచ్చింది. ఈసారీ వస్తే ఊరు వదిలి పోతానని ఆ వారమే తాతయ్యతో చెప్పింది.

ఆయన ఈసారి మీటింగు అక్క గదిలోనే పెట్టించాడు. అందరినీ చాప మీద, గోడకు ఆనుకుని కూర్చోమన్నాడు.

"గీడ కూసోవెట్టినవేంది పెద్దాయనా, గాలి ఆడుతలేదు," అన్నాడు పై గల్లీ మెంబరు.

"జర ఎన్కకు తిరిగి చూడు," అన్నాడు తాతయ్య.

గోడ మీద నల్లటి చార ఉంది. కూర్చున్న మనిషి చెవుల ఎత్తున. పోయినేడు నీళ్లు నిలిచిన గుర్తు అది.

సర్పంచ్ వెనక్కి తిరిగి దాన్ని వేలితో తడిమాడు. "ఏటా మోరీ తీపిస్తనే ఉన్నం గదమ్మా," అన్నాడు మెల్లగా.

"తీపిస్తున్నరు సర్పంచ్ సాబ్. పైన సాఫ్ చేసినంకనే నాకు పరేషాన్ ఎక్కువైంది. ఆడికెళ్లి నీళ్లు ఉరికొస్తయ్. ఈడ మోరీ నిండిపోయి ఉంటది. మీరు గట్టు మీద పోసిన మట్టి గూడ నా తానికే కొట్టుకొస్తది. ఇగ ఆ నీళ్లు యాడికి పోవాలె?"

నా నోటుబుక్కులో మొదటి గీత మీద అప్పటికే 'మా ఇల్లు' అని రాసి ఉంది. దాన్ని అరచేత్తో కప్పుకున్నాను. తాతయ్య చూడనే చూశాడు.

"కొత్త పేజీ తియ్యి బిడ్డా. అక్క గడప కాడ మొదలువెట్టి పైకి రాసుకుంట రా. మన ఇల్లు ఆఖరుకు. తీసిన మట్టి బండెక్కి పోయినంకనే టిక్కు పెట్టు."

"అంటే వాన దాక మా గల్లీకి రారా?" అన్నాడు మెంబరు.

"ఒక్క ఏడు ఓపిక వట్టు. ఆమె రెండేండ్లు పట్టింది," అన్నాడు సర్పంచ్.

ఆ ఏడు మా వంతు రాకముందే వాన వచ్చింది. మా వాకిట్లో చీలమండల దాకా నీళ్లు నిలిచాయి. తాతయ్య పంచె పైకి కట్టి, నన్ను వెంటబెట్టుకుని కింది గల్లీకి నడిచాడు. అక్క గది పొడిగా ఉంది. లోపల మిషన్ చప్పుడు వినిపిస్తోంది. మేమిద్దరం తడిసిన కాళ్లతో గడప బయటే నిలబడి కాసేపు విన్నాం.

ఇప్పుడు ఆ గల్లీల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. నిన్న వార్డు మీటింగుకు డైరీ పట్టుకుని వెళ్లాను. పూడికతీత జాబితాలో మా కాలనీ గేటు మొదట ఉంది, పల్లంలో నాలా కాలువ పక్కనున్న బస్తీ చివర ఉంది. జాబితాను కింది నుంచి పైకి తిప్పి రాయమని, మట్టిని ఎప్పుడు ఎత్తుతారో కూడా అందులో రాయమని అడిగాను. మా కాలనీవాళ్లు కొందరు నావైపు చురచురా చూశారు. ఇంజనీరు అమ్మాయి మాత్రం కారణమడిగి, విని, రాసుకుంది.

ఈ ఉదయం పూడిక తీసే బండి మా గేటు దగ్గర ఆగకుండా బస్తీ వైపు దిగింది. వెనకే నడిచి వెళ్లి చూసి వచ్చాను. పని మొదలైందని డైరీలో రాశాను. మట్టి ఇంకా గట్టు మీదే ఉంది. టిక్కు పెట్టలేదు.